నవమి నాడు కడిగిన డ్రమ్ములు

మా ఇంట్లో సోఫా లేదు. సోఫా ఉండాల్సిన చోట ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గాజు తొట్టి ఉంది. అందులో రెండు చేపలు ఉండేవి. చూడ్డానికి వచ్చినవాళ్లు తొట్టి ముందు నిలబడి "చేపలేవీ?" అని అడిగేవారు. వాళ్ల తప్పు కాదు, అవి చేపల్లా ఉండవు. గుండ్రంగా, పలచగా, గోధుమరంగు ఒంటి మీద పసుపు చుక్కలతో అడుగున ఇసుక మీద పరుచుకుని ఉంటాయి. వెనక తోక, తోక మీద విషపు ముల్లు. స్టింగ్ రేలు అంటారు. సముద్రంలో ఉండే రకం కాదు, దక్షిణ అమెరికా నదుల్లో మంచినీళ్లలో బతికే రకం. నేను మాత్రం వాటిని జొన్నరొట్టెలు అనేదాన్ని.

అవి మా ఆయనవి. మా ఆయన నాకు మేనబావ, పెళ్లయి ఇరవై ఏడేళ్లయినా బావా అనే పిలుస్తాను. సిద్దిపేటలో మా ఇంటి ముందు షట్టరులోనే ఆయన మోటార్ వైండింగ్ దుకాణం. చిన్నకోడూరు, మిరుదొడ్డి వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు ఆటోలో వేసుకొచ్చి ఆయన ముందు దించుతారు. నేను పక్క ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. కాబట్టి ఆయన దృష్టిలో నేను పంతులమ్మను. కోపం వచ్చినా అదే పిలుపు, ప్రేమ వచ్చినా అదే పిలుపు. తేడా గొంతులో ఉంటుంది.

పదేళ్ల క్రితం రాగి తీగ కొనడానికి హైదరాబాద్ పోయిన మనిషి, తీగతో పాటు ఒక థర్మోకోల్ డబ్బా మోసుకొచ్చాడు. మూత తీస్తే నీళ్ల సంచుల్లో చాయ్ సాసర్లంత రెండు ఉన్నాయి.

"ఏంది బావా ఇవి?"

"రేలు. మస్తుంటయి సూడు."

"వండుకుంటరా?"

"వండుకునేటియి గాదే! సాదుకునేటియి" అన్నాడు, నేను ఆయన తల్లిని తిట్టినట్టు చూసి.

సాసర్లు పళ్లేలయ్యాయి, పళ్లేలు తాంబాళాలయ్యాయి. ఆడది మగదానికంటే పెద్దది, చివరికి బియ్యం చెరిగే చాటంత అయింది. దాన్ని పెద్దామె అనీ, మగదాన్ని చిన్నోడు అనీ అనేవాళ్లం. నా ఫ్రిజ్‌లో పై అర రొయ్యలదయింది. వరంగల్ హాస్టల్లో చదువుకునే మా అమ్మాయి ఫోన్ చేస్తే ముందు "రేలు ఎట్లున్నయి?" అని అడిగేది, ఆ తర్వాతే నా సంగతి. ఒకసారి తొట్టిలో చేయి పెడితే మా బావకు ముల్లు గుచ్చుకుని చేయి మోచేతి దాకా వాచింది. దవాఖానలో డాక్టరు "తేలా? పామా?" అని అడిగాడు. "జొన్నరొట్టె సార్" అన్నాను. అంత నొప్పిలోనూ మా బావ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు అవంటే ఇష్టం లేదు, ఆ మాట దాచిపెట్టలేదు కూడా.

రేలు పెరిగాయి గాని, నీళ్లు శుభ్రం చేసే ఫిల్టరు పెరగలేదు. తొట్టి పైన అమర్చిన అడుగున్నర పెట్టె, అందులో ఒక స్పాంజి ముక్క. అవి సాసర్లంత ఉన్నప్పుడు సరిపోయింది. చాటంత అయ్యాక అవి తినేదీ ఎక్కువ, విసర్జించేదీ ఎక్కువ. నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. హాల్లోకి అడుగు పెడితే ఎండిన చెరువు వాసన. చుట్టాలు గుమ్మంలోనే ముక్కు చిట్లించి, మర్యాదకు ఊదుబత్తి గురించి మాట్లాడేవారు. పెద్దామె అంచుల చుట్టూ ఎర్రటి గీత వచ్చింది. అది మంచి లక్షణం కాదని మా బావకు తెలుసు.

ఆయన పంపుల మనిషి కదా. "నీళ్లు గుంజుడు నాకు ఒకలు నేర్పుతరా?" అని అర హార్స్‌పవర్ మోటార్ తెచ్చి బిగించాడు. రైతుకు నీళ్లు చాలకపోతే ఆయన చేసే వైద్యమే అది, ఇంకా పెద్ద మోటార్ పెట్టడం. ఒక ఆదివారం పొద్దున నన్ను కూడా పిలిచి, కొబ్బరికాయ కొట్టి, స్విచ్ వేశాడు. తూము ఎత్తినట్టు నీళ్లు దూకాయి. ఇసుక అంతా లేచి తొట్టి బురదైపోయింది. చిన్నోడు సత్తు గిన్నె మూతలా గిరగిరా తిరిగాడు. పెద్దామె పోయి మూలన అద్దానికి అతుక్కుపోయింది. స్విచ్ నేనే బంద్ చేశాను.

"పొలం పారిస్తున్నవా బావా? ఎన్ని ఎకరాలు?" అన్నాను.

ఆ వారం ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తర్వాత చాచాను పిలుచుకొచ్చాడు. పాత బస్టాండ్ వైపు సందులో అక్వేరియం దుకాణం ఆయనది. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్ల నొప్పి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక గంట సేపు తొట్టిని చూశాడు, రెండు చాయ్‌లు తాగాడు. చివరికి అన్నాడు:

"నీ మోటర్ మంచిగనే ఉంది బేటా. కాని నీళ్లు ఉరికితె సాఫ్ కావు. ఆగితె సాఫ్ అయితయి."

ఆయన చెప్పినట్టు ఇంటి పక్క సందులో మూడు నీలం డ్రమ్ములు వెలిశాయి. తొట్టి నీళ్లు మొదటి డ్రమ్ములోకి పోతాయి, అక్కడ స్పాంజీలలో మురికి ఆగుతుంది. అక్కడి నుంచి నిదానంగా రెండో డ్రమ్ములోకి, అందులో పెంకు ముక్కలు. మూడో దాంట్లో చిన్న పంపు, అది నీళ్లను మళ్లీ తొట్టిలోకి ఎక్కిస్తుంది. పెంకుల కోసం ఇబ్రహీంపూర్ దగ్గర విప్పుతున్న ఒక పాత పెంకుటింటికి పోయి, పగిలిన గూన పెంకులు రెండు బస్తాలు తెచ్చాడు. వాటిని సుత్తితో పోకచెక్కలంత ముక్కలు చేయాలి. రెండు ఆదివారాలు ఇద్దరం కూర్చుని కొట్టాం. ఎందుకు కొడుతున్నామో ఆయన చెప్పాడు. నేను వినలేదు. ఆయన చేపల మాట ఎత్తితే నా చెవులు వాటంతటవే మూసుకుపోతాయి, ఇది తొమ్మిదేళ్ల సాధన. మోటార్ కోసం వచ్చిన ప్రతి రైతుకూ డ్రమ్ము మూత ఎత్తి ఆ సంగతే వివరించేవాడు. నేను వంటింట్లో మిక్సీ వేసేదాన్ని.

కొత్త డ్రమ్ములు పెట్టగానే పాత పెట్టె తీసేయలేదు. రెండు నెలలు రెండూ కలిపి నడిపాడు. "ఇంకెన్ని రోజులు బావా ఈ జాతర?" అంటే, "పట్టాలె. ఇంకా పట్టలే" అనేవాడు. ఏం పట్టాలో నేను అడగలేదు. తర్వాత ఒక రోజు పాత పెట్టె విప్పి, దాని స్పాంజిని మొదటి డ్రమ్ములోనే వేసి, ఇక అయిపోయిందన్నాడు.

నీళ్లు తేటబడ్డాయి. ఇసుకలో రేణువు రేణువు కనిపించేది. పెద్దామె అంచుల ఎరుపు పోయింది. హాల్లో వాసన పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమైంది. పైకి మాత్రం అనలేదు, అంటే ఇంకో తొట్టి తెస్తాడని భయం. సాయంత్రం బడి నుంచి వచ్చి తొట్టి పక్కన కుర్చీలో చెప్పులు విప్పుతుంటే పెద్దామె అడుగు నుంచి లేచి, అద్దానికి నిలువుగా అతుక్కునేది. దాని కడుపు వైపు తెల్లగా ఉంటుంది, అక్కడ నోరు, ముక్కు రంధ్రాలు కలిసి నవ్వుతున్న ముఖంలా కనిపిస్తాయి. అది నవ్వు కాదని నాకు తెలుసు, తిండి కోసం అని తెలుసు. అయినా రోజూ అలాగే వచ్చేది. కొన్నాళ్లకు నేను బ్యాగు పెట్టగానే దాన్ని వెతకడం మొదలుపెట్టాను.

దసరా వచ్చింది. మా దగ్గర దసరాకు పనిముట్లకు పూజ చేస్తాం. ఏడాది పొడుగునా చాకిరీ చేసినదాన్ని ఆపి, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెడతాం. మా బావ దుకాణంలో వైండింగ్ మిషన్, పానాలు, చైన్ కప్పీ, మోపెడ్. నా వైపు మిక్సీ, గ్రైండర్, కుట్టు మిషన్, స్కూటీ. నేను ఎర్ర పెన్నుకు కూడా బొట్టు పెడతాను, అదీ కష్టపడుతుంది కదా. పండుగకు ముందు రోజు, నవమి నాడు, మిరుదొడ్డి నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. వరి పొట్ట మీదుంది, మోటార్ కాలిపోయింది, ఒక్క రోజు నీళ్లు లేకపోతే కంకి పాలు పోసుకోదు. మా బావ పానాల సంచి భుజాన వేసుకుని బయలుదేరుతూ అన్నాడు:

"ఇంట్లయి నువ్వు కడిగి బొట్టు పెట్టు పంతులమ్మా. దుకాణంలయి రేపు పొద్దున నేను సూస్కుంట."

ఇంట్లవి అంటే మిక్సీ, గ్రైండర్ అని ఆయన ఉద్దేశం. అవి అయిపోయాక నేను పక్క సందులోకి చూశాను. మూడు డ్రమ్ములు గురగురమంటూ పని చేస్తున్నాయి. రాత్రి లేదు, పగలు లేదు, ఆదివారం లేదు. ఈ ఇంట్లో వాటికంటే ఎక్కువ చాకిరీ చేసే పనిముట్టు ఏదీ లేదు కదా అనిపించింది. వాటికి బొట్టు లేకపోతే ఎట్లా?

పంపు ఆపి మూతలు తీశాను. ఛీ! మొదటి డ్రమ్ములో స్పాంజీలు గోధుమరంగు జిగురుతో బరువెక్కి ఉన్నాయి. రెండో దాంట్లో పెంకు ముక్కలు పట్టుకుంటే చీమిడిలా జారిపోతున్నాయి. ఇంత గలీజు మీదుగా పారిన నీళ్లా ఆ నోరులేని జీవాల మీద పడుతున్నవి అని జాలి వేసింది. మగవాళ్ల శుభ్రం ఇంతే, పైకి నీలం డ్రమ్ము, లోపల ఇదీ సంగతి అనుకున్నాను. కొంగు బిగించి అన్నీ బయటికి తీశాను. నల్లా పైపు పెట్టి స్పాంజీలను పిండి పిండి కడిగాను, తెల్లటి నీళ్లు వచ్చేదాకా. పెంకు ముక్కలను బియ్యం కడిగినట్టు ఏడు నీళ్లు పోసి రుద్దాను. మిద్దె మీద పాత చీర పరిచి, వడియాలు ఎండబెట్టినట్టు అన్నిటినీ ఎండకు పోశాను. డ్రమ్ముల లోపల కొబ్బరి పీచుతో తోమాను. నడుము విరిగింది గాని పెంకులు అప్పుడే బట్టీలోంచి తీసినట్టు ఎర్రగా మెరిశాయి. సాయంత్రానికి అన్నీ తిరిగి వేసి, పంపు నడిపి, డ్రమ్ములకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు చుట్టాను.

తొమ్మిదేళ్లలో వాటి కోసం నేను ఇష్టపడి చేసిన మొదటి పని అది.

మా బావ పొద్దుగూకక ముందే వచ్చాడు, కాళ్లకు పొలం బురదతో. నేనే చేయి పట్టుకుని సందులోకి తీసుకుపోయి చూపించాను. డ్రమ్ముల ముందు నిలబడ్డాడు. రెండో దాని మూత ఎత్తి, ఒక పెంకు ముక్క తీసి బొటనవేలితో రుద్ది చూశాడు. మళ్లీ లోపల వేసి, మూత పెట్టాడు.

"పెంకులు గూడ కడిగినవా?"

"అన్ని కడిగిన. నల్లా కింద ఏడు నీళ్లు. ఎట్లున్నయి?"

భుజాన ఉన్న పానాల సంచి కిందికి దించాడు. అలసిపోయాడనుకున్నాను.

"మంచిగున్నయి" అన్నాడు. "బొట్లు మంచిగ పెట్టినవ్."

నేను లోపలికి పోయి చాయ్ పెట్టాను. పాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

పండుగ రోజు పొద్దున లేచేసరికి ఆయన బకెట్లతో తొట్టి నీళ్లు తోడి పారబోస్తున్నాడు. ముందు రోజు పట్టి నిలబెట్టిన నీళ్లు పోస్తున్నాడు. "ఇయ్యాల వాటికి తిండి ఏస్తలేను. నువ్వు గూడ ఏయకు" అన్నాడు. పాలపిట్టను చూడ్డానికి రాలేదు. సాయంత్రం వాడంతా జమ్మికి పోతుంటే బనియను మీద బకెట్ పట్టుకుని ఉన్నాడు.

"పండుగ పూట గూడ వీటికే ఊడిగమా? నిన్ననే గదా అంత సాఫ్ చేసి పెట్టిన! నా కష్టమంతా బూడిదల పోసిన పన్నీరేనా?" అని అరిచాను.

"నువ్వు పోయి రాపో. జమ్మి తెచ్చి నా చేతుల పెట్టు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. జమ్మి ఆకు తెచ్చి ఆయన తడి చేతిలో పెట్టి, కాళ్లు మొక్కకుండానే లోపలికి వచ్చేశాను.

మర్నాడూ బకెట్లే. ఆ మర్నాడు పొద్దున ఆయన ఒక చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు తీసి, రెండు సీసాల్లోంచి చుక్కలు వేసి ఊపుతుంటే చూశాను. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే మంచిది, ఆకుపచ్చకు తిరిగితే నీళ్లలో విషం పెరిగినట్టు. అది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. తొట్టిలో పెద్దామె కదలకుండా పడుంది. దాని అంచులు కాలుతున్న అప్పడంలా పైకి లేచి ముడుచుకుంటున్నాయి. కళ్ల వెనక ఊపిరి రంధ్రాలు టపటపా కొట్టుకుంటున్నాయి. చిన్నోడు నీళ్ల పైకి వచ్చి తేలుతున్నాడు.

"బావా, పెద్దామెకు ఏమైంది?"

"జెర పానం మంచిగ లేదు."

"ఎందుకు?"

"అయితది ఒక్కోసారి" అన్నాడు, గొట్టం కడుగుతూ. తర్వాత, "చాచా ఊరికి పోయిండె, ఇయ్యాల వచ్చిండు. ఫోన్ల మాట్లాడిన. నేను నీళ్లు ఇడిచిపెట్టి పోలేను. ఆయన ఒక సంచి ఇస్తడు, నువ్వు పోయి తెస్తవా?" అన్నాడు.

స్కూటీ మీద పోయాను. చాచా అప్పటికే దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, తన పెద్ద తొట్టి వెనక చేయి పెట్టి ఒక స్పాంజి తీశాడు. దాన్నిండా అదే గోధుమరంగు జిగురు, మోచేతి మీదుగా కారుతోంది. ఆ తొట్టి నీళ్లే సంచిలో పోసి, స్పాంజి అందులో వేసి ముడి వేశాడు.

"ఇది కడగొద్దు, ఎండనియ్యొద్దు. పోంగనే డ్రమ్ముల పిండమను" అన్నాడు.

"ఇంత గలీజుదా చాచా? మా ఇంట్ల అన్నీ..."

"మీ ఇంట్ల ఉంటే నన్నెందుకు అడుగుతడమ్మా?" అని నిట్టూర్చాడు. "టీచరమ్మా, నువ్వు పెరుగు గిన్నె తోముతవు గదా. తోమే ముందు ఒక చెంచా పెరుగు తీసి పక్కకు పెడ్తవా, పెట్టవా?"

"పెడ్త. తోడుకు."

"ఇది గూడ గంతే. ఈ జిగురే ఫిల్టర్. డ్రమ్ము గాదు, మోటర్ గాదు. దీంట్ల కండ్లకు కనవడని జిందా పురుగులుంటయి. చేపల మైల నీళ్లల్ల జహర్ అయితది, విషమన్నట్టు. ఆ జహర్‌ను తినేటియి ఇవే. పెంకుల మీద అవి పట్టెటందుకు రెండు నెలలు పట్టింది. నల్లా నీళ్లల్ల మందుంటది, దానితోని కడిగి, ఎండల పోస్తె ఏం మిగుల్తది?"

నా చేతిలో స్కూటీ తాళం ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతిలో దాని పళ్ల అచ్చు పడింది. నా జీవితంలో తోడు తీసిపెట్టకుండా పెరుగు గిన్నె కడిగింది లేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని బడిలో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో.

"మీ ఆయన గింత తెలిసినోడు, గీ తప్పెట్ల చేసిండో సమజ్ కాదు" అన్నాడు చాచా. "ఫోన్ల ఒక్కటే తీరు అన్నడు. 'పండుగ గదా చాచా, సోయి తప్పి నేనే కడిగిన' అని. పాపం, గొంతు గూడ లేస్తలేదు."

నేను కడిగానని చెప్పాలి. నోరు తెరిచాను. "పోయొస్త చాచా" అన్నాను.

ఇంటికి వచ్చి సంచిని ఎవరికీ ఇవ్వలేదు. మూత తీసి, చీర కొంగు పక్కకు దోపి, స్పాంజిని రెండో డ్రమ్ములో నేనే పిండాను. జిగురు వేళ్ల సందుల్లోంచి కారి ఎర్రటి పెంకుల మీద పడింది. అసహ్యం అనిపించలేదు. మా బావ పక్కన నిలబడి చూశాడు, నేను ఆయన వైపు చూడలేదు. ఆ తర్వాత ఇద్దరం కలిసి బకెట్లు మోశాం.

చిన్నోడు మర్నాడు మధ్యాహ్నం చచ్చిపోయాడు. మా బావ చేతికి గుడ్డ చుట్టుకుని ముల్లు తగలకుండా ఎత్తి, పెరట్లో జామ చెట్టు మొదట్లో గొయ్యి తీసి పెట్టాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఆ డ్రమ్ములు నేను ఇష్టపడి కడిగినవి, నేను కట్టిన బంతిపూలు అప్పటికింకా వాటి మీద పూర్తిగా వాడిపోకుండా ఉన్నాయి. ఆయన పార పక్కన పెట్టి వచ్చి, "చేపే గదా పంతులమ్మా" అన్నాడు. తొమ్మిదేళ్లుగా నేను అన్న మాట అది. ఆయన నోట వినలేకపోయాను.

పెద్దామె దక్కుతుందో లేదో తెలియని రోజులు చాలా గడిచాయి. బడికి పోయే ముందు గాజు గొట్టంలో నీళ్లు తీసి చుక్కలు వేసే పని నాదయింది. ఆకుపచ్చ. ఆకుపచ్చ. కొన్నాళ్లకు లేత ఆకుపచ్చ. ఎనిమిదో తరగతి పిల్లలకు సంధులు చెబుతూ కూడా ఆ గొట్టమే గుర్తొచ్చేది. రెండో వారంలో ఒక సాయంత్రం చెప్పులు విప్పుతుంటే ఇసుకలో కదలిక కనిపించింది. అంచులు చాపలా పరుచుకున్నాయి. పెరట్లో తవ్వి తీసిన వానపామును పటకారుతో పట్టి దించాను. పెద్దామె నిదానంగా వచ్చి, దాని మీద పరుచుకుని, లాక్కుంది. నేను దుకాణంలోకి పరుగెత్తి, రైతుల మధ్య నిలబడి, "బావా, తిన్నది!" అని అరిచాను. ఎవరు తిన్నారో తెలియక ఒక పెద్దాయన "మంచిది బిడ్డా" అన్నాడు. ఇంకొన్ని రోజులకు గొట్టంలో నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి.

ఒక్క రే ఎందుకుందని చూసినవాళ్లు అడిగేవారు. మా బావ మూత ఎత్తి కథంతా చెప్పేవాడు. "పండుగని నేనే కడిగిన. గంత మూర్ఖున్ని." వాళ్లు నవ్వేవారు. "ఊరందరి మోటర్లు బాగు చేస్తవు, నీ ఫిల్టర్ నువ్వే ఖరాబ్ చేసుకున్నవా అన్నా?" అని ఎగతాళి చేసేవారు. ఆయన కూడా నవ్వేవాడు. నేను చాయ్ గ్లాసులు అందించి లోపలికి వచ్చేసేదాన్ని. తప్పు చేసినవాళ్లు లేచి నిలబడండి అని బడిలో రోజూ అంటాను. ఇంట్లో ఏడాది పాటు కూర్చునే ఉన్నాను. ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆయన ఎప్పుడైనా ఒక్క మాట అంటాడని, అంటే ఎదురు తిరగొచ్చని చూశానేమో. ఆయన అనలేదు.

మళ్లీ దసరా వచ్చింది. నవమి నాడు పొద్దున మిరుదొడ్డి రైతు, ఆ ముందటేడు ఫోన్ చేసిన మనిషే, మోటార్ దించి హాల్లోకి వచ్చాడు. తొట్టి చూసి, "అన్నా, రెండుండె గదా?" అన్నాడు. మా బావ మొదలుపెట్టాడు. నేను చాయ్ పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను.

"గదే తమ్మీ, పండుగని నేను సోయి తప్పి..."

"ఆయన కడగలే" అన్నాను. "నేను కడిగిన."

రైతు నావైపు, ఆయన వైపు చూశాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఏదో ఉందని గ్రహించి, ఒక గ్లాసు తీసుకుని, మోటార్ దగ్గర పనున్నట్టు దుకాణంలోకి నడిచాడు.

"కాలు జారితె తీసుకోవచ్చు గాని, నువ్వు జారనిదాన్ని జారిన అని ఊరంత ఎందుకు చెప్తున్నవ్ బావా?" అన్నాను. "నా పేరు జెప్తె ఏమయితుండె? ఆ పొద్దే నన్ను తిడితె ఏమయితుండె? నువ్వు చెప్పంగ చెప్పంగ నేను విననిదానికి పాపం ఆ చిన్నోడు పాయె. ఒక్క మాట అనాలె గదా!"

మా బావ తన గ్లాసు తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, తొట్టి వైపు చూశాడు. పెద్దామె నన్ను చూసి అద్దానికి అతుక్కుని ఉంది.

"తొమ్మిదేండ్లకు వాటికి బొట్టు పెట్టినవ్" అన్నాడు. "అది తప్పని జెప్తె, మల్ల వాటి దగ్గరికి వస్తుంటివా?"

నేను పళ్లెం అక్కడే పెట్టి, పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని సందులోకి పోయాను. తడిగుడ్డతో డ్రమ్ములను పైపైన తుడిచి, మూడింటికీ బొట్టు పెట్టాను. పంపు ఆపలేదు. మూతలు తీయలేదు.